‘మనోడే’ అన్నందుకు

ఇది మా ఇంట్లో ఎవరూ చదవలేరు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. మా ఆయన అప్పారావు పుట్టిందీ పెరిగిందీ పోర్టుబ్లెయిర్‌లోనే, చదివింది హిందీలో. మా అబ్బాయి వంశీ కూడా అంతే. మాట్లాడమంటే ఇద్దరూ తెలుగు గడగడా మాట్లాడతారు, కాగితం మీద చూపిస్తే మాత్రం ముగ్గు చూసినట్టు చూస్తారు. నేను సోంపేట వైపు నుంచి పెళ్ళయి వచ్చినదాన్ని, పదో తరగతి దాకా తెలుగులో చదివాను. హిందీ మా కొట్లో కూర్చుని నేర్చుకున్నాను. అందులో బేరమాడగలను, దెబ్బలాడగలను, రాయమంటే మాత్రం రాయలేను. ఇన్నేళ్ళూ దానితో ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే నాకు నోరుంది. ఆ నోరు మూతపడ్డాక తెలిసింది, మా ఇంట్లో నా రాత చదివే దిక్కే లేదని.

నాకు వచ్చింది జ్వరం కాదు, విరిగిన దవడ. మంచాన పడ్డాక ఏదైనా జబ్బే అనుకోండి. ఇప్పుడు కాస్త మనిషినయ్యాను. ఈ కుర్రాళ్ళ కొట్లాటలు వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారులే, మనకెందుకులే అనుకునేవాళ్ళు చదివితే బాగుండునని రాస్తున్నాను. నాలాగే మూతి కట్టించుకుని కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అమ్మా, ఆ తీగలు విప్పుతారు, భయపడకండి. మళ్ళీ జంతికలు తింటారు, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

జూన్ మొదట్లో

మాది డాలీగంజ్‌లో చిన్న కిరాణా కొట్టు. ఎదురుగా కల్వర్టు గోడ ఉంది. సాయంత్రమైతే దాని మీద మా లైన్ కుర్రాళ్ళు కూర్చుంటారు. కూర్చోవడమే వాళ్ళ ఉద్యోగం. దానికో పేరు కూడా పెట్టుకున్నారు, డీజీ బాయ్స్ అని. షాదీపూర్ వైపు ఇంకో గుంపు ఉంది, వాళ్ళకీ ఏదో పేరుంది. వీళ్ళ ఏరియాలోకి వాళ్ళు రాకూడదట, వాళ్ళ ఏరియాలోకి వీళ్ళు వెళ్ళకూడదట. ఏం ఏరియాలు బాబూ! స్కూటీ మీద బయల్దేరితే టీ చల్లారేలోపు రెండూ చుట్టి రావచ్చు. వీళ్ళ తాతలు ఓడెక్కి సముద్రం దాటి వచ్చారు, మనవళ్ళకేమో రోడ్డు దాటడానికి ఎదుటి గుంపు పర్మిషన్ కావాలి.

గొడవ ఎందుకు మొదలైందో తర్వాత విన్నాను. విన్నాక దవడ కంటే తల ఎక్కువ నొప్పెట్టింది. మావాడొకడు లంబాలైన్ రోడ్డు మీద బైకు తోలుతూ వీడియో తీసుకుని ఫోన్లో పెట్టాడు. దాని కింద అవతలి గుంపువాడు నవ్వే బొమ్మ పెట్టాడు. అంతే. ఇంకేమీ లేదు. నవ్వే బొమ్మ పెట్టినందుకు తలలు పగలగొట్టుకున్నారు.

ఆ సాయంత్రం అవతలి వాళ్ళు బైకుల మీద వచ్చారు. కేకలు, కర్రలు, బెల్టులు. పక్క కొట్టువాళ్ళు షట్టర్ దించేశారు. నేను దించలేదు. చేతిలో పప్పు కొలిచే డబ్బాతోనే రోడ్డు మీదికొచ్చి, “ఏయ్, ఇళ్ళకి పొండిరా! మీ అమ్మల్ని పిలవమంటారేటి?” అని అరిచాను. అప్పుడే చూశాను, మా వెనకింటి కుమారి కొడుకు సాయి హాలో బ్లాక్ సిమెంటు ఇటుక ముక్క ఎత్తి విసరడం. వాడు విసిరింది నా మీదికి కాదు, బైకు మీదున్న అవతలి వాడి మీదికి. ఆ అవతలివాడు చటుక్కున వంగాడు. వాడి వెనక నేనున్నాను.

సాయి ఎవడో కాదు. వంశీ, వాడు ఒకే బళ్ళో చదివారు. నా కొట్లో బిస్కట్ ప్యాకెట్లు అడక్కుండా విప్పుకుని తిన్నవాడు. వాళ్ళమ్మ కుమారిది పలాస దగ్గర. ఈ దీవుల్లో ఒకే వైపు వాళ్ళు కనిపిస్తే చుట్టరికం కలిపేసుకుంటాం కదా, అలా మేమిద్దరం ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం.

ఆసుపత్రిలో బల్ల మీద పడుకోబెట్టారు. నోరంతా నెత్తురు, పళ్ళు ఒక్కచోట ఉన్నట్టు లేవు. ఒక కానిస్టేబుల్ వంగి హిందీలో అడిగాడు, ఎవరు కొట్టారని. నొప్పిలో ఉన్నదానికి హిందీ ఎక్కడ తడుతుంది? “మనోడే” అన్నాను. అంటే బయటివాడు కాదు, మన లైన్ కుర్రాడే, నాకు దెబ్బ తగిలిందని షాదీపూర్ వాళ్ళ మీద పడకండి అని నా ఉద్దేశం. అంత పొడుగు మాట చెప్పే దవడ నా దగ్గర లేదు. పక్కనే ఒక ఆయా ఉంది, బెంగాలీ ఆవిడ. తెలుగు ఇళ్ళలో పనిచేసి నాలుగు ముక్కలు నేర్చుకుంది. సాయం చేద్దామనే పాపం, కానిస్టేబుల్‌కి అర్థం చెప్పింది. “మనోడే మత్లబ్, అప్నా లడకా.” అంటే నా సొంత కొడుకు! ఆయన అదే రాసుకున్నాడు.

నాకు ఆపరేషన్ అవుతున్నప్పుడు వంశీని స్టేషన్‌కి తీసుకుపోయారు. కన్నతల్లి దవడ విరగ్గొట్టాడని. తర్వాత ఇంటికి వదిలారు గానీ, కేసులో వాడి పేరు అలాగే ఉండిపోయింది.

జూన్ చివర

పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి సన్న తీగలు బిగించారు. ఎముక అతుక్కునేదాకా నోరు తెరవకూడదు, మాట్లాడే ప్రయత్నం కూడా చెయ్యకూడదు అన్నారు డాక్టరుగారు. మా ఆయన వైపు చూసి, “ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది” అని నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నేను ఇద్దరినీ గుర్తుపెట్టుకున్నాను.

ఆ తర్వాత చెప్పిన మాటకి మాత్రం ఎవరం నవ్వలేదు. వాంతి వస్తే నోట్లోంచి బయటికి పోయే దారి లేదు కాబట్టి, వెంటనే తీగలు కత్తిరించడానికి ఒక కట్టర్ ఎప్పుడూ నా దగ్గర ఉండాలట. మా ఆయన ఎలక్ట్రిషియన్, కట్టర్లకి కొదవ లేదు. ఒకటి వేడినీళ్ళలో కడిగి నా దిండు దగ్గర పెట్టాడు, ఇంకొకటి తన జేబులో వేసుకున్నాడు. ఏ తీగ ముందు కత్తిరించాలో డాక్టరుగారితో చూపించుకుని వచ్చి, అద్దం ముందు నిలబడి ఉత్త చేతులతో అభ్యాసం చేసేవాడు.  నాకు దగ్గొచ్చినా చాలు, ప్రాణం జారిపోయేది ఇద్దరికీ.

తిండి అంటే జావే. బుగ్గ పక్క నుంచి సిరంజితో పోసుకోవాలి. ఆ జావ రోజూ కుమారి తెచ్చేది. రాగిజావ, బియ్యపు జావ, ఒక్కోరోజు చేప ఉడికించిన నీళ్ళు, గుడ్డలో వడకట్టి, చిన్న ముల్లు కూడా లేకుండా. పక్కన కూర్చుని ఆఖరి చుక్కదాకా తాగించేది. “ఏటి వదినా, సగమే తాగినావు? నోరు కట్టీసినా మూతి ముడుపు మానవేటి?” అనేది. నాకు నవ్వొస్తే దవడ లాగేది.

రాసి చెప్పాలన్నా ఆవిడే దిక్కు. ముందు వంశీ తన ఫోన్ నా కాగితం మీద పెట్టి, ఇది చదివి హిందీలో చెబుతుందమ్మా అన్నాడు. నేను ‘జావలో ఉప్పు వెయ్యకండి’ అని రాస్తే ఆ ఫోను ఏవో పెళ్ళి శుభాకాంక్షలు చెప్పింది. నా రాత అలాంటిది. మా లైన్ మొత్తానికి నా గిలుకుడు చదవగలిగింది కుమారి ఒక్కతే. నేను రాస్తే ఆవిడ చదివి మావాళ్ళకి చెప్పేది. దిండు ఎత్తు పెట్టండి, ఫ్యాన్ తగ్గించండి, కొట్లో పాల ప్యాకెట్లు పాడవుతాయి చూడండి, ఇలాంటివన్నీ.

ఇప్పుడు అర్థమైందా నా బాధ? నా కొడుకు పేరు కేసులోంచి పోవాలంటే నేను సాయి పేరు రాయాలి. రాసింది చదవాల్సింది సాయి వాళ్ళమ్మ.

జులై

వంశీ అప్పటికే ఓడల మీద పని నేర్పే ట్రైనింగ్‌కి సెలెక్ట్ అయి ఉన్నాడు. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. తల్లిని కొట్టిన కేసులో పేరున్నవాడికి ఎవరిస్తారు ఆ కాగితం? వాడు రోజు విడిచి రోజు స్టేషన్‌కి వెళ్ళి బెంచీ మీద కూర్చుని వచ్చేవాడు.  కానిస్టేబుల్ ఇంటికొచ్చి, మీ అబ్బాయే కొట్టాడా అని అడిగితే తల అడ్డంగా ఊపాను. ఊపితే మెడ దాకా నొప్పి. ఆయన నన్ను జాలిగా చూసి, “మా హై నా” అని మా ఆయనతో అన్నాడు. తల్లి కదా, ఇంకేం చెబుతుంది అని. నాకు తల బాదుకోవాలనిపించింది, అదీ కుదరదు.

పోనీ వంశీ నోరు విప్పచ్చు కదా! వాడికి నాలాగా తీగలు లేవు కదా! వాడు ఆ కల్వర్టు దగ్గరే ఉన్నాడు, అంతా చూశాడు. ఒకరోజు వాడి చొక్కా పట్టుకుని వెనకింటి వైపు చూపించి, చెప్పు చెప్పు అని సైగ చేశాను. వాడికి తెలిసింది. తల దించుకున్నాడు.

“నేనెలా చెప్తాను అమ్మా? దోస్త్ కదా. చెప్తే గద్దార్ అంటారు అందరూ.”

అమ్మ దవడ విరిగినా ఫరవాలేదు, కల్వర్టు మీద కూర్చునేవాళ్ళు ద్రోహి అనకూడదు! ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మాటకి నా దగ్గర పాతిక తిట్లు తయారుగా ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. గ్లాసు విసిరికొట్టాను. వాడే తుడిచాడు.

వారానికోసారి పళ్ళ ఓపీకి వెళ్ళేవాళ్ళం. వాన, తడిసిన గొడుగులు, బెంచీల నిండా జనం. రాంచీ వైపు నుంచి వచ్చిన భయ్యా ఒకాయన నా మూతి చూసి తన టోకెన్ నాకిచ్చి, నా టోకెన్ తను తీసుకుని ఇంకో గంట కూర్చున్నాడు. ఆయన పేరు కూడా అడగలేకపోయాను. ఇంకో బెంచీ మీద కుర్రాళ్ళు, వాళ్ళ అమ్మలు. ఒకడికి ముందుపళ్ళు లేవు, ఒకడికి చెయ్యి కట్టు, ఒకడికి కనుబొమ్మ మీద కుట్లు. ఏమైందని నర్సు అడిగితే ప్రతి అమ్మా ఒకటే మాట, బాత్రూంలో జారిపడ్డాడని. తమిళంలో జారిపడ్డారు, బెంగాలీలో జారిపడ్డారు, హిందీలో జారిపడ్డారు. ఈ దీవుల్లో బాత్రూములన్నీ ఇంత జారుడుగా ఉంటాయని నాకు తెలీదు. నర్సు కూడా విసిగిపోయి మొహం ఎత్తకుండానే రాసుకుంటోంది. చెప్పుకుంటే కొడుకు కేసులో పడతాడు, చెప్పకపోతే మళ్ళీ రాయి ఎత్తుతాడు. మేమందరం ఆ బెంచీల మీద వరసగా కూర్చుని మూతులు బిగించుకున్నాం. తీగలు నాకొక్కదానికే ఉన్నాయి.

మా లైన్ సంగతీ మారిపోయింది. ట్యూషన్ చెప్పే మాస్టారు సాయంత్రం పిల్లల్ని పంపొద్దన్నారు. దీపాలు పెట్టే వేళైతే ఆటోవాళ్ళు మా వైపు రానంటున్నారు. చీకటి పడకుండానే కొట్లన్నీ మూసేస్తున్నారు. ఇంత జరిగినా కల్వర్టు మీద మాత్రం ఎవరూ తగ్గలేదు. పైగా నా పేరు చెప్పుకుని పౌరుషం పెంచుకున్నారు. ఆంటీని షాదీపూర్ వాళ్ళు కొట్టారు, బదులు తీర్చుకోవాలి అని! ఎవడు కొట్టాడో తెలిసి కూడా ఆ మాట అనడానికి ఎంత సిగ్గులేనితనం ఉండాలి?

అన్నీ ఆలోచించాను. లంబాలైన్‌లో తెలుగు టీచరుగారు ఒకరున్నారు, ఆవిణ్ణి పిలిపించి చదివించవచ్చు. కానీ అలా చేస్తే కుమారికి సంగతి ఎలా తెలుస్తుంది? గుమ్మంలోకి పోలీసులొస్తే తెలుస్తుంది. రోజూ నా బుగ్గలో జావ పోసే మనిషికి అలా తెలియడం నాకిష్టం లేదు. ఆవిడకి నేనే చెప్పాలనుకున్నాను. రోజూ అనుకునేదాన్ని, కాగితం తీసేదాన్ని, జావ బాగుందని రాసేదాన్ని.

జులై ఆఖరు

ట్రైనింగ్ వాళ్ళు ఇంక ఆగేది లేదన్నారు. మా ఆయన స్టేషన్‌కి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి ఎస్సైగారే ఇంటికొచ్చారు, పాత కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని. తెలుగులోనే రాయండి, చదివిపెట్టే మనిషి ఉంటే చాలు, తర్వాత మేం సరిచూసుకుంటాం అన్నారు. మా ఆయనకి నేనేం రాయబోతున్నానో తెలీదు. కిటికీలోంచి వెనకింటికి కేకేశాడు. “కుమారి దీదీ! జరా ఆనా!”

కుమారి వచ్చింది. చేతులు పమిటకి తుడుచుకుంటూ నా పక్కన నిలబడింది.

నేను రాశాను. ‘నేను మనోడే అన్నది నా కొడుకు గురించి కాదు. మా వంశీ నా మీద చెయ్యెత్తలేదు. కొట్టినవాడు మా లైన్ కుర్రాడు.’ అక్కడికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. పేరు రెండక్షరాలే. నా కొడుకు గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. కుమారి ఊపిరి నా భుజం మీద తగులుతోంది. రాయలేకపోయాను.

“నామ్ లిఖియే” అన్నారు ఎస్సైగారు, పేరు రాయమని.

కుమారి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఒక్కో మాటా చదివి హిందీలో చెప్పింది. మనోడే అంటే సొంత కొడుకని కాదు సాబ్, మన మనిషని, మా వైపు అలాగే అంటాం అని వివరంగా చెప్పింది. ఆఖరి వాక్యం కూడా చదివింది. అక్కడ ఆగలేదు.

“మేరా లడకా, సాబ్” అంది. “సాయి. ఘర్ మే హై.” నా కొడుకే, ఇంట్లోనే ఉన్నాడు అని.

ఎస్సైగారు కాగితం తీసుకుని తెలుగు వచ్చినవాడిలా అటూ ఇటూ తిప్పి చూశారు. నేను ఊఁ ఊఁ అంటూ కుమారి చెయ్యి పట్టుకున్నాను, నేను రాయలేదు, అది నేను రాయలేదు అని. ఆవిడ నా చెయ్యి విడిపించుకుని, వాళ్ళకంటే ముందు తన ఇంటి వైపు నడిచింది. మా గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది.

“ఆడు ఆ రోజే చెప్పీసినాడు వదినా. నువ్వు కాయితం ఇచ్చిన ప్రతిసారీ ఆడి పేరే ఉంటాదనుకునీదాన్ని. చూస్తే ఫ్యాను తగ్గించు, దిండు ఎత్తు. నీ కొడుకు అక్కడ బెంచీ మీద కూకుంటే నువ్విక్కడ ఫ్యాను గురించి రాస్తావు. ఇంకెన్నాళ్ళు రాస్తావు?”

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అన్నాళ్ళూ తెలిసే జావ తెచ్చిందా? తెలిసే నా కొడుకుని స్టేషన్ చుట్టూ తిరగనిచ్చిందా? ఆ క్షణాన ఆవిణ్ణి జుట్టు పట్టుకుని కొట్టాలనిపించింది, వాటేసుకుని ఏడవాలనీ అనిపించింది. నోటికి తీగలున్నప్పుడు ఏడవకూడదు. ముక్కు మూసుకుపోతే ఊపిరాడదు. మా ఆయన జేబులోంచి కట్టర్ తీసి పట్టుకుని నా ముందు నిలబడ్డాడు, ముక్కు తుడుస్తూ, ఏడవకే ఏడవకే అని తనే ఏడుస్తూ.

వంశీ ఏమన్నాడో తెలుసా? “ఆంటీ ఎందుకు చెప్పింది? ఇప్పుడు మనల్నే అంటారు అందరూ.” మా ఆయన జీవితంలో మొదటిసారి వాణ్ణి కొట్టాడు.

ఇప్పుడు

తీగలు తీసేశారు. నోరు రెండు వేళ్ళ వెడల్పు తెరుచుకుంటోంది, ఇంకా తెరుచుకుంటుందట. వంశీ కాగితం వచ్చింది. ఆ బ్యాచ్ తప్పిపోయింది, తర్వాతి దాంట్లో వెళ్తాడు. కల్వర్టు దగ్గరికి పోవడం లేదు, సిగ్గుతోనో నా భయంతోనో నాకు తెలీదు, అడగను కూడా.

సాయిని కొన్నాళ్ళు లోపల ఉంచి బెయిల్ మీద వదిలారు. కోర్టుకి డీజీ బాయ్స్ ఒక్కడంటే ఒక్కడు రాలేదు. జామీను ఉన్నది మా ఆయన. కానీ వాడు బయటికి రాగానే కల్వర్టు మీద పెద్ద వీరుడైపోయాడు. పోలీసులకి భయపడలేదట, ఇంకెవరి పేరూ చెప్పలేదట! ఆ గోడ మీద వాడికి మధ్యలో చోటిచ్చారు. ఇది విన్నరోజు నాకు నిజంగానే జ్వరమొచ్చింది.

కుమారి మాత్రం మా గుమ్మం తొక్కలేదు. నేను కనిపిస్తే తలుపు వెనక్కి తప్పుకునేది. చూసి చూసి నేనే వెళ్ళాను. సాయి తలుపు తీశాడు. నన్ను చూసి వాడి ముఖం పాలిపోయింది.

“ఆంటీ... దర్ద్ హై క్యా ఇంకా?” అన్నాడు.

నొప్పి ఉందా అని అడుగుతున్నాడు! ఇన్ని వారాలుగా పళ్ళ వెనక మూట కట్టి పెట్టుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. “ఏరా సన్నాసీ! రాయి ఇసిరితే ఎవుడికి తగుల్తాదో ఇసిరినోడికి తెలుస్తాదేట్రా? ఆడెవుడో నవ్వితే నీకేటి రోగం? నాకు దవడ పోయింది, వంశీగాడికి బ్యాచ్ పోయింది, మీయమ్మకి ఈ లైన్లో తలెత్తుకునే గతి నేదు, నీకేటి పోయింది? గోడ మీద జాగా దొరికిందా? ఆ గోడ మీదున్నోడు ఒక్కడైనా నీకు కోర్టులో మంచినీళ్ళిచ్చినాడేట్రా?” అని ఇంకా చాలా అన్నాను. లైన్ అంతా బయటికొచ్చి చూస్తోంది. వాడు తల దించుకుని నిలబడ్డాడు, లోపలికి పోలేదు.

కుమారి లోపలి గది గుమ్మంలోకి వచ్చింది. ఆపుతుందనుకున్నాను.

“తిట్టు వదినా” అంది. “ఇంకా తిట్టు. బయటోళ్ళందరూ ఆడ్ని మెచ్చుకునీవోళ్ళే.”

ఇంకాసేపు తిట్టాను. చివరికి దవడ నొప్పెట్టి ఆపాను గానీ, తిట్లు అయిపోయి కాదు.